నదీగర్భము ఎవరిది?

(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నదులను గూర్చి మన గ్రామములలో తగవులు కొత్తవి కావు. ఎగువవారు నీరు కట్టుకొనిరని దిగువవారును, దిగువవారు గట్టు తెగగొట్టిరని ఎగువవారును తరతరములుగా వాదించుకొనుచునే యున్నారు. ఈ తగవులన్నియు నీటిని గూర్చినవి. నీటి క్రింద నున్న నేల ఎవరిదని అడిగినవారు అరుదు. వేసవిలో ఏరు ఎండినపుడు పుచ్చపాదులు పెట్టుకొనువాడును, లంకలో పొగాకు వేయువాడును, ఇసుక బండి తోలువాడును ఆ ప్రశ్న దాపునకు వత్తురు. వరద రాగానే అందరును దానిని మరచిపోవుదురు. అయితే అదే నేలపై ఒక కంపెనీవారు ఆనకట్ట కట్టి, విద్యుచ్ఛక్తి తీసి, దానిని అమ్ముకొని లాభము పొందుచున్నపుడు, ఆ నేలకు కౌలు చెల్లవలెనా, చెల్లవలసినచో ఎవరికి చెల్లవలెను అను ప్రశ్న పుట్టక తప్పదు. ఆ ప్రశ్ననే ఈ పూట మీ ముందుంచదలచితిని.

మన ప్రాంతములో ఈ విషయమున చట్టము కొంతవరకు స్పష్టముగనే మాటలాడినది. 1905లో అప్పటి మద్రాసు ప్రభుత్వమువారు చేసిన భూ ఆక్రమణ చట్టము రెండవ సెక్షనులో రహదారులు, వీధులు, వంతెనలు మొదలుకొని నదులు, వాగులు, చెరువుల గర్భములు, వానిలో నిలిచిన నీరు, పారు నీరు అన్నియు ప్రభుత్వపు ఆస్తి యని చెప్పబడినది. జమీందారులకును, ఇనాందారులకును, మరి యితరులకును హక్కు గలిగిన మేరకు మాత్రము మినహాయింపు కలదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చిన పిదప, ఆ చట్టము క్రిందికి వచ్చిన ఎస్టేట్లలోని పోరంబోకులతో పాటు నదులు, వాగులు, చెరువులు, చేపల హక్కులు, పడవ రేవులు సైతము ప్రభుత్వపరమైనవి. మీ గ్రామ లెక్కలలో ‘ఏటి పోరంబోకు’ అను పద్దు కనబడుచున్నదన్న, దాని వెనుక ఇంత కథ యున్నది.

మనకు చట్టములోని ఒకటి రెండు వాక్యములతో తేలిన సంగతి అమెరికా దేశములో అట్లు తేలలేదు. అచ్చట ఒక నదీగర్భముపై హక్కు ఎవరిదో నిర్ణయించుటకు నూరేండ్లకు పైబడిన చరిత్రను త్రవ్వి చూడవలసి వచ్చినది. ఆ వ్యాజ్యమే మోంటానా రాష్ట్రమునకును, పి.పి.ఎల్. మోంటానా అను విద్యుత్ కంపెనీకిని నడుమ జరిగినది. అమెరికా సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 22న దానిలో తీర్పు చెప్పినది. దూరదేశపు కథ యైనను, దానిలోని ఇరుపక్షముల వాదములు మన రచ్చబండ వద్ద వినబడు వాదములవంటివే.

మోంటానా ఆ దేశమునకు ఉత్తరపు సరిహద్దున నున్న కొండల రాష్ట్రము. మిస్సోరి మహానది అచ్చటనే పుట్టి, రెండు వేల మూడు వందల మైళ్ళకు పైగా ప్రవహించి సెయింట్ లూయిస్ నగర సమీపమున మిస్సిసిపిలో కలియును. దాని తలపాయలలో ఒకటి మాడిసన్ నది. పడమటి కొండలకు ఆవల క్లార్క్ ఫోర్క్ అను మరియొక నది కలదు. ఈ మూడు నదులపై పది చోట్ల పి.పి.ఎల్. వారి జలవిద్యుత్ కట్టడములు ఉండెను. మిస్సోరి మీద ఏడు, మాడిసన్ మీద రెండు, క్లార్క్ ఫోర్క్ మీద ఒకటి. ఇవి వారు కట్టించినవి కావు. 1999లో పాత కంపెనీ నుండి కొనినవి. వానిలో కొన్ని నూరేండ్ల నాటివి. ఫెడరల్ ప్రభుత్వపు లైసెన్సుతో అవి నడచుచుండెను. గట్టు వెంబడి ముంపునకు లోనైన కొన్ని భూములకు ఫెడరల్ ప్రభుత్వమునకు కౌలు సైతము చెల్లుచుండెను. మోంటానా రాష్ట్రము మాత్రము ఆ గర్భము మాది, దానికి కౌలు కట్టుడు అని అంతకాలమును అడిగి యుండలేదు.

2003లో ఈ మౌనమును భంగపరచినవారు ప్రభుత్వోద్యోగులు కారు. బడిపిల్లల తల్లిదండ్రులు కొందరు ఫెడరల్ న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. వారి వాదము ఇది: మోంటానా రాష్ట్రముగా ఏర్పడినపుడు పాఠశాలల నిమిత్తమై భూములు ప్రత్యేకింపబడినవి, వానిపై వచ్చు ఆదాయము పిల్లల చదువునకే చెందవలెను, నదీగర్భము కూడ ఆ పాఠశాల భూములలోనిదే, కంపెనీవారు దానిపై కౌలు లేకుండ వ్యాపారము చేయుచున్నారు. పిదప రాష్ట్రము కూడ వారితో చేరినది. ఆ న్యాయస్థానమునకు విచారణాధికారము లేదని వ్యాజ్యము కొట్టివేయబడగా, తగవు రాష్ట్ర న్యాయస్థానమునకు మారినది. అచ్చట రాష్ట్రమే గెలిచినది. 2000 నుండి 2007 వరకు ఎనిమిది సంవత్సరముల కౌలు బాకీ క్రింద సుమారు 4 కోట్ల 10 లక్షల డాలర్లు కంపెనీ చెల్లింపవలెనని తీర్పు వచ్చెను. 2010లో మోంటానా సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను.

ఇంతవరకు వినినవారికి రాష్ట్రపు పక్షమే న్యాయమని తోచుట సహజము. నదిని కట్టి డబ్బు చేసికొనుచున్న కంపెనీ ఒక ప్రక్క, బడిపిల్లలు మరియొక ప్రక్క. ఇందులో ఆలోచింపవలసిన దేమున్నదని అనిపించును. కాని హక్కును నిర్ణయించునది జాలి కాదు. నదిగర్భము రాష్ట్రమునకు ఎట్లు సంక్రమించెను అను మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవలెను.

ఆ సమాధానము ఇంగ్లండు రాజుల కాలము నుండి వచ్చినది. సముద్రపు పోటు ఎంతవరకు ఎక్కునో అంతవరకు గల నదీగర్భము రాజుది, ఆపైన గట్టుదారులది. ఇది ఆ దేశపు పాత నియమము. చిన్న ద్వీపమునకు అది సరిపోయినది. అమెరికాలోని మహానదులలో సముద్రపు పోటు చేరని చోటులకు సైతము వందల మైళ్ళు పడవలు నడచును. అందువలన వారు పోటును వదలి, పడవను గుర్తుగా పెట్టుకొనిరి. పడవపై వాణిజ్యము నడచు నది యైనచో, రాష్ట్రము ఏర్పడిన నాడే దాని గర్భము రాష్ట్రమునకు సంక్రమించును. కొత్తగా చేరిన రాష్ట్రము పాత రాష్ట్రములతో సమానమైన హోదాతో చేరునను సూత్రము దీనికి ఆధారము. 1845 నాటి ఒక తీర్పులోనే ఈ మాట స్థిరపడినది. పడవ నడవని నది యైనచో, గర్భము ఫెడరల్ ప్రభుత్వము వద్దనే నిలిచిపోవును. వారు దానిని ఇతరులకు ఇచ్చిన ఇయ్యవచ్చును.

కాబట్టి వ్యాజ్యమంతయు ఒక్క తేదీ చుట్టును తిరిగినది. మోంటానా రాష్ట్రముగా చేరినది 1889 నవంబరు 8న. ఆ నాటి స్థితిలో, ఆనకట్టలు లేని ఆ నదులపై, ఆ కాలపు పడవలతో సరకు రవాణా జరుగుచుండెనా, లేక జరుగుటకు వీలుండెనా? నేటి నదిని చూచి చెప్పుటకు వీలులేదు. నేటి నది ఆనకట్టలు దిద్దిన నది.

ఈ ప్రశ్నకు మిస్సోరిపై గల గ్రేట్ ఫాల్స్ అను చోటు గొప్ప సాక్షి. అచ్చట నది పది మైళ్ళ దూరములో అయిదు జలపాతములుగా, నడుమ ఎడతెగని రాళ్ళ మడుగులుగా, నాలుగు వందల అడుగులకు పైగా పడిపోవును. పి.పి.ఎల్. వారి ఆనకట్టలలో అయిదు ఇచ్చటనే యున్నవి. నీరు ఎత్తునుండి పడుచోటనే గదా విద్యుచ్ఛక్తి పుట్టునది. 1805 జూన్‌లో లూయిస్, క్లార్క్ అను అన్వేషకులు పడవలతో మిస్సోరిని ఎదురెక్కుచు ఈ జలపాతముల వద్దకు వచ్చిరి. వారు చేసిన దేమి? పడవలను నీటినుండి పైకి లాగిరి. చెట్టు మ్రానును అడ్డముగా కోసి చక్రములు చేసిరి. ఆ మొరటు బండ్లపై పడవలను, సామగ్రిని ఎత్తి, నాగజెముడు ముండ్లు కాళ్ళకు దిగుచుండగా సుమారు 18 మైళ్ళు నేలమీద లాగికొనిపోయిరి. కనీసము పదునొకండు దినములు పట్టినది. తరువాతి కాలమున ఆవిరి ఓడలు వచ్చినను, జలపాతములకు దిగువనున్న ఫోర్ట్ బెంటన్ రేవు వరకే వచ్చెడివి. ఆపైన సరకు బండ్లకెక్కవలసినదే.

గోదావరి తీరమువారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరపు ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర గోదావరిపై మధ్య పరగణాల ప్రత్తిని పడవలమీద సముద్రమునకు దింపవలెనని తలంచెను. నది పొడవున మూడు చోట్ల రాతి అడ్డులు వచ్చినవి. వానిలో మొదటిది దుమ్ముగూడెము వద్దనున్నది. అచ్చట ఆనకట్ట, కాలువ, లాకులు కట్టిరి. ఎంతో ధనము వ్యయమైన తరువాత 1871లో ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి. గోదావరిలో పడవలు నడచునా యని అడిగినచో రాజమండ్రివాడు నడచునని చెప్పును. అదే ప్రశ్నను రాతి అడ్డు వద్ద నిలుచుండి అడిగినచో వేరు సమాధానము వచ్చును. నది పేరు ఒక్కటే, నది గుణము ఒక్కటి కాదు.

మోంటానా సుప్రీంకోర్టు ఈ భేదమును లక్ష్యపెట్టలేదు. మొత్తము నదిని ఒకటిగా చూచి, పొడవైన నదిలో అచ్చటచ్చట కొద్దిపాటి ఆటంకములున్నంత మాత్రమున అది పడవ నది కాకపోదనెను. పడవలను మోసికొని దాటిపోయిరి గదా, కాబట్టి రవాణా సాగినట్లే అని దాని తర్కము. దీనికి అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన సమాధానము నాకు మిక్కిలి నచ్చినది. న్యాయమూర్తులందరును ఏకాభిప్రాయముతో చెప్పిన ఆ తీర్పును జస్టిస్ కెనెడీ వ్రాసిరి. నదిని వదలి నేలమీద నడచుట యనగా ఆ భాగములో నది పడవకు పనికిరాదనుటకే ఋజువు గాని, పనికివచ్చుననుటకు ఋజువు కాదని దాని సారాంశము. యాజమాన్యమును నిర్ణయించునపుడు నదిని ఖండములుగా విభజించి, ఏ ఖండమునకు ఆ ఖండముగా చూడవలెననిరి. లెక్కకు రానంత చిన్న ఆటంకములను విడిచిపెట్టవచ్చునేమో గాని, పదునేడు మైళ్ళ గ్రేట్ ఫాల్స్ భాగము అట్టిది కాదనిరి. మన సర్వేవారు చేయు పని కూడ ఇదియే గదా. ఊరంతయు సారవంతమైన భూమి యని ఒక్కమాటలో వ్రాసికొనరు. ప్రతి సర్వే నంబరును విడిగా చూచి, ఇది మెట్ట, ఇది మాగాణి, ఇది పోరంబోకు అని వర్గీకరింతురు.

మాడిసన్ నది విషయములో జరిగిన పొరపాటు మరింత చిత్రమైనది. రాష్ట్ర న్యాయస్థానము నేడు ఆ నదిలో విహారమునకు, చేపలు పట్టుటకు జనులు నడుపుకొను తేలిక పడవలను సాక్ష్యముగా తీసికొనెను. 1889లో సరకుల వ్యాపారికి అట్టి పడవలుండెనా? అప్పటి పడవ వేరు, అప్పటి నీటి లోతు వేరు. పైగా వరదను ఆపి, వేసవిలో నీరు వదలుచున్న ఆనకట్టల వలన నది నేడు పడవకు మరింత అనువుగా మారియుండవచ్చును. ఆనకట్ట చేసిన మేలును చూపి ఆనకట్ట వానినే కౌలు అడుగుట వంటిదన్నమాట. నేటి వాడుకను సాక్ష్యముగా చూపదలచినచో, పడవలు నాటి వ్యాపారపు పడవలవంటివేనని, నది స్థితి అంతగా మారలేదని ముందు ఋజువు చేయవలెనని సుప్రీంకోర్టు చెప్పినది.

ఇక మూడవ సంగతి. నూరేండ్లు ఊరకున్న రాష్ట్రము ఒక్కమారుగా కౌలు బాకీ అడుగవచ్చునా? ఆ దీర్ఘకాలపు మౌనము కూడ, ఆ ఖండములు పడవ నడువనివే ననుటకు కొంత సాక్ష్యమగునని సుప్రీంకోర్టు అన్నది. ఇచ్చట మాత్రము నా మనస్సు పూర్తిగా ఒప్పుకొనదు. ప్రభుత్వము అనునది ఒక మనిషి కాదు. దాని చేతిలోని ఆస్తి ప్రజలది. ఒక ఉద్యోగి ఏమరపాటునకు ప్రజల ఆస్తి పోరాదని గదా మన కాలపరిమితి చట్టము సామాన్యుల దావాలకు తక్కువ గడువులు పెట్టి, ప్రభుత్వపు దావాలకు 30 సంవత్సరములు ఇచ్చినది! 1908 నాటి పాత చట్టములో అది 60 సంవత్సరములు. అయితే రెండవ వైపు కూడ చూడవలెను. మౌనమును నమ్మి పెట్టుబడి పెట్టినవాడు కంపెనీ ఒక్కడే కాదు. గట్టుమీద మోటరు పెట్టుకొన్న రైతు, చిన్న అడ్డుకట్ట వేసికొన్న రైతు కూడ అదే మౌనమును నమ్మినవారు. కంపెనీకి పాత బాకీ నోటీసు వచ్చిన నాడు ఆ రైతుకు కూడ నిద్రపట్టదు.

ఇట్టి సంగతి మన శ్రీకాకుళపు ప్రాంతమున కూడ ఒకప్పుడు జరిగినది. ఉర్లాము జమీందారీ భూములకు వంశధార నీరు కాలువల ద్వారా పారుచుండెను. 1865 నాటి చట్టమును బట్టి ప్రభుత్వమువారు దానికి నీటి తీరువా విధించిరి. తగవు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. 1917లో వచ్చిన తీర్పును చూడుడు: 1802 ప్రాంతమున శాశ్వత పైసలా జరిగిన నాటికే ఉన్న కాలువల ద్వారా వాడుకొను నీటికి మరల అదనపు రుసుము అడుగరాదు, ఆ పైసలాలోనే అట్టి ఒప్పందము ఇమిడియున్నది. అచ్చటను ఒక తేదీయే. అచ్చటను, ఆ తేదీ నాటికి ఉన్న స్థితి ఏమి అను ప్రశ్నయే. జమీందారీలు పోయినవి, ఆ తీర్పు చదువదగినదిగా నిలిచినది.

మోంటానా తీర్పు వినిన కొందరికి ఒక భయము కలిగెను. గర్భము రాష్ట్రమునది కానిచో, నీటిపై ప్రజల హక్కు కూడ పోవునా? స్నానమునకు, చేపలకు, పడవకు గట్టువాని అనుమతి కావలెనా? అట్లు కాదు. నేలపై యాజమాన్యము ఒకటి. నీటిని ప్రజల తరఫున కాపాడు ధర్మకర్తృత్వము మరియొకటి. ఈ రెండవది రాష్ట్రముల చట్టమునకు సంబంధించినదనియు, గర్భపు హక్కు తీర్పుతో అది పోదనియు ఆ న్యాయస్థానము స్పష్టపరచినది. మన సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఈ ధర్మకర్తృత్వ సూత్రమునే బియాస్ నది విషయమున ప్రయోగించినది. హిమాచల ప్రదేశములో నది ఒడ్డున ఒక విశ్రాంతి గృహపు కంపెనీకి ప్రభుత్వము భూమిని కౌలుకిచ్చెను. ఆ కంపెనీవారు తమ కట్టడమును కాపాడుకొనుటకై నది గమనమునే త్రిప్పిరి. న్యాయస్థానము ఆ కౌలును రద్దుచేసినది. నదిగర్భమునకు ప్రభుత్వము ధర్మకర్త గాని, తనకు తోచినట్లు పంచియిచ్చుటకు స్వంతదారు కాదని చెప్పినది. ఇసుక రేవుల తీర్మానములపై సంతకము చేయు పంచాయతీ సభ్యులు ఈ తీర్పు పేరైనను విని యుండవలెను.

సుప్రీంకోర్టు తీర్పుతో మోంటానా తగవు ముగియలేదు. 4 కోట్ల 10 లక్షల డాలర్ల తీర్పు రద్దయి, ఖండముల వారీ విచారణ మరల మొదలైనది. ఇంతలో, 2014లో, పి.పి.ఎల్. వారు ఆ ఆనకట్టలను నార్త్‌వెస్టరన్ అను మరియొక విద్యుత్ సంస్థకు అమ్మిరి. చేతులు మారినను నేల ప్రశ్న నేలతోనే ఉండెను. విచారణలో చరిత్రకారులు, నదీశాస్త్రజ్ఞులు పాత దినచర్యలను, పటములను, వార్తాపత్రికలను ముందు పెట్టుకొని వాదించిరి. 2023 ఆగస్టులో ఫెడరల్ జిల్లా న్యాయస్థానము తీర్పు చెప్పెను. సన్ నది వచ్చి కలియుచోటు నుండి బ్లాక్ ఈగిల్ జలపాతము వరకు గల చిన్న ఖండమును గూర్చి మాత్రమే రాష్ట్రము 1889 నాటి పడవ వాడుకను ఋజువు చేయగలిగినది. తక్కిన ఖండములపై ఋజువు చాలలేదు. మొదట అన్నియు తనవే యనిన రాష్ట్రమునకు జలపాతములకు ఎగువనున్న ఆ ఒక్క ముక్క దక్కినది. కంపెనీ తరఫువారు ఏమియు మీవి కావనిరి. వారి మాట కూడ పూర్తిగా నెగ్గలేదు. 2003లో ఏ పిల్లల పేర మొదటి వ్యాజ్యము పుట్టెనో, ఆ పిల్లలు ఈ తీర్పు నాటికి బడి చదువులు ముగించి, కొందరు తమ పిల్లలను బడికి పంపుచుండి యుందురు.

ఇక మీ గ్రామపు ఏటి పోరంబోకును గూర్చి అడుగవలసిన దేదైన నున్నచో, సర్వే నంబరు, పాత అడంగలు నకలు దగ్గర నుంచుకొని అడుగుడు. వినుటకు సిద్ధముగా నున్నాను.